నీళ్ళ గడి

ఇల్లు వెతుక్కున్న రోజుల్లో మా మేనమామ ఒక పొడుగాటి నోటు పుస్తకం పెట్టుకున్నాడు. స్కేలు పెట్టి పెన్సిలుతో పేజీకి ఎనిమిది గడులు గీసేవాడు. ఏరియా, గజం రేటు, సచివాలయానికి దూరం, బస్సు, బడి, ఆసుపత్రి, కాగితాలు, అన్నిటికన్నా చివర నీళ్ళు. గీతలు పెన్సిలు, రాత మాత్రం సిరా. ఉద్యోగంలో చేరిన ఏడాది రాజమండ్రిలో కొనుక్కున్న రత్నం పెన్ను ఆయనది. ముప్పై రెండేళ్ళు ఫైళ్ళ మీద నోట్లు రాసిన చెయ్యి కదా, ఆ గడుల్లో అక్షరాలు ముత్యాల్లా కూర్చునేవి. అంత జాగ్రత్తగా ఇల్లు వెతికిన మనిషిని నేను మళ్ళీ చూడలేదు. అందుకే ఆయన కథ చెప్పాలంటే గొంతు పట్టేస్తుంది.

2014 జూన్ 2న రాష్ట్రం రెండయ్యింది. సెప్టెంబరులో, కొత్త రాజధాని విజయవాడ పరిసరాల్లోనేనని అసెంబ్లీలో ప్రకటన వచ్చింది. కృష్ణకు ఆవలి ఒడ్డున 29 గ్రామాలు, భూసమీకరణ కింద రైతులు ఇచ్చిన 33 వేల పైచిలుకు ఎకరాలు, 2015 విజయదశమి నాడు ఉద్దండరాయునిపాలెంలో శంకుస్థాపన. పేపర్లో ఆ ఫోటోలు కత్తిరించి దాచుకున్నాడు మావయ్య. ఆయన సచివాలయంలో సెక్షన్ ఆఫీసరు. 2016లో వెలగపూడిలో తాత్కాలిక భవనాలు లేచాయి, హైదరాబాదులో ఉన్న ఉద్యోగులంతా తరలి రావాలని ఉత్తర్వులు వచ్చాయి.

ఆయన తోటివాళ్ళు చాలామంది కుటుంబాల్ని హైదరాబాదులోనే ఉంచేశారు. వారానికి ఐదు రోజుల పని, లింగంపల్లి నుంచి విజయవాడకు రైలు, ఇక్కడో చిన్న గది. శుక్రవారం సాయంత్రం సంచీ భుజాన వేసుకుని స్టేషనుకు పరుగు. మావయ్యకు అది పడలేదు. "రెండు ఊళ్ళలో రెండు పొయ్యిలు వెలిగించే ఓపిక నాకు లేదురా. ఎక్కడ పనిచేస్తే అక్కడే మన వాకిట్లో ముగ్గుండాలి" అన్నాడు. వనస్థలిపురంలో ఇరవై ఏళ్ళ కిందట అప్పు చేసి కొనుక్కున్న ఫ్లాటును ఆ ఏడు దసరా లోపే అమ్మేశాడు. దాన్ని అమ్మొద్దని అత్తయ్య ఏడ్చింది. వాళ్ళబ్బాయి, మా బావ, ఫోన్లో అరిచాడు. "రాజధాని వెళ్ళిపోయాక ఇక్కడ మనకేముంది" అన్నాడాయన. ఆ మాట అన్నది ఆయన ఒక్కడే కాదు. ఆ ఏడాది ఎన్ని ఇళ్ళల్లో ఆ మాట పలికిందో.

ఆగస్టులో కృష్ణా పుష్కరాలు. మావయ్య స్నానానికి వచ్చి నాలుగు రోజులు ఉండిపోయాడు. విజయవాడంతా కొత్త రంగులు, కొత్త ఘాట్లు, రాత్రిళ్ళు బ్యారేజీ మీద దీపాలు. మాది తెనాలి. ఆ నాలుగు రోజులూ, ఆ తర్వాత ఆదివారాలూ ఆయన్ని స్కూటరు మీద ఎక్కించుకుని తిప్పింది నేనే.

మొదట తుళ్ళూరు. రోడ్డుకిరువైపులా రియల్ ఎస్టేటు ఆఫీసులు, ప్రతి గోడకూ సింగపూరు బొమ్మలు. రైతులకు తిరిగిచ్చే ప్లాట్లు అప్పటికే చేతులు మారుతున్నాయి. ఆ రేట్లు చూసి మావయ్య పెన్ను మూత పెట్టేశాడు. పైగా నల్లరేగడి, పునాదికే సగం డబ్బు పోతుందన్నారు. మంగళగిరిలో హైవే పక్క అపార్టుమెంట్లు చూశాం, బాగున్నాయి, అందలేదు. కానూరు, పోరంకి వైపు బందరు రోడ్డు రేట్లు విని వెనక్కి తిరిగాం. గొల్లపూడిలో ఒక ఇల్లు అత్తయ్యకు నచ్చింది. మధ్యలో ఒక లింకు డాక్యుమెంటు లేదని తెలిసి ఆయన ఆ పేరు మీద అడ్డంగా గీత కొట్టాడు.

ఉండవల్లి దగ్గర ఒక ఇల్లు కుదిరేదే. బేరం కూడా చివరికొచ్చింది. టీ కొట్టు దగ్గర ఎవరో కొండవీటి వాగు పొంగితే ఈ పక్క పొలాలన్నీ మునుగుతాయని అన్నారు. ఆ రాత్రి మావయ్య నీళ్ళ గడిలో "వాగు భయం" అని రాసి ఆ ఇల్లు కొట్టేశాడు. నేను ఈ సంగతి ఎన్నోసార్లు తలుచుకున్నాను. ఆయనకు నీళ్ళ భయం లేక కాదు. ఒక వాగుకు భయపడి ఏరు దాటి వచ్చాడు, అంతే.

చివరికి కుదిరింది సింగ్‌నగర్ దాటి పాయకాపురం వైపు. కార్పొరేషన్ పరిధి, స్టేషనుకు ఆటో, దగ్గర్లో కూరగాయల బజారు. 120 గజాల్లో విడి ఇల్లు. తూర్పు సింహద్వారం, వీధిపోటు లేదు. ముప్పై ఏళ్ళ ఈసీ తీయించాడు. ఇద్దరు లాయర్లకు చూపించాడు. ప్లాను కాగితం పట్టుకుని టేపుతో గదులు కొలిచాడు. వాకిట్లో ఒక్కటే మెట్టు, అదీ జానెడు ఎత్తు. అత్తయ్యకు మోకాళ్ళ నొప్పులు. ఆ ఒక్క మెట్టు చూసి ఆయన మొహం విప్పారింది. "చూశావా, మీ అత్త కోసమే కట్టినట్టుంది" అన్నాడు.

ఎదురిల్లు పాతది. ఆరు మెట్లెక్కితే గానీ అరుగు రాదు. ఆ అరుగు మీద ఒక మామ్మగారు తమలపాకు చుట్టుకుంటూ మమ్మల్నే చూస్తోంది. ఆ ఎత్తు చూసి పాతకాలపు కట్టడం అనుకున్నాం. ఆవిడను పలకరించాం, మంచినీళ్ళిస్తే తాగాం, వచ్చేశాం. బ్రోకర్ని అడిగాం, లాయర్ని అడిగాం, రిజిస్ట్రారాఫీసులో అడిగాం. ఆ ఆరు మెట్లు ఎందుకని మామ్మగారిని మాత్రం అడగలేదు.

తిరిగొస్తుంటే ఒక చిన్న వంతెన మీద స్కూటరు ఆపమన్నాడు. కింద గుర్రపుడెక్క కమ్మేసిన నల్లటి నీళ్ళు, పారుతున్నాయో లేదో కూడా తెలియదు. "ఇదేం కాలవ?" అన్నాడు. "మురుక్కాలవండీ, బుడమేరు" అన్నాడు వెనక బండి మీదున్న బ్రోకరు.

బుడమేరు పేరు నాకు కొత్తది కాదు. 2005లో అది సింగ్‌నగర్ మీద పడ్డప్పుడు పేపర్లో ఫోటోలు చూశాను. విజయవాడ దుఃఖదాయిని అని దానికున్న పేరు కూడా విన్నాను. "మావయ్యా, ఇది అప్పుడెప్పుడో పొంగినట్టుంది" అన్నాను. "అప్పుడెప్పుడో కదండీ, ఇప్పుడు పైనుంచే మళ్ళించేశారు" అన్నాడు బ్రోకరు. నేను రెండోసారి అనలేదు. ఎండగా ఉంది, ఆకలేస్తోంది, నాలుగు నెలలుగా తిరిగి తిరిగి అందరం అలిసిపోయాం. ఇల్లు దొరికిందన్న సంతోషాన్ని చెడగొట్టడం ఇష్టం లేక ఊరుకున్నాను. ఆ రాత్రి మావయ్య పుస్తకం తెరిచి నాకు చూపించాడు. ఆ ఇంటి వరుసలో గడులన్నీ నిండాయి. చివరి గడిలో, నీళ్ళు అన్న చోట, సిరాతో ఒకే మాట: పుష్కలం. మున్సిపల్ కుళాయి గురించి రాశాడది.

2017 మాఘమాసంలో గృహప్రవేశం. ఆ తర్వాత మూడేళ్ళు ఆయన జీవితంలో మంచి కాలం. పొద్దున్నే కాఫీ తాగి, సచివాలయం బస్సెక్కి, బ్యారేజీ దాటి, కరకట్ట మీదుగా వెలగపూడికి. సాయంత్రం వస్తూ ఉండవల్లి దగ్గర పొలాల్లోంచి తెచ్చిన అరటిగెలలు అమ్ముతుంటే ఒక హస్తం కొనుక్కొచ్చేవాడు. దొడ్లో కరివేపాకు, గోడవారగా కనకాంబరాలు. ఆదివారం ఎవరు చుట్టంగా వచ్చినా కారు మాట్లాడి రాజధాని చూపించేవాడు. "ఇక్కడ హైకోర్టు, ఇక్కడ అసెంబ్లీ, ఇదిగో ఈ రోడ్డు ఇలా వెళ్ళిపోతుంది" అంటూ ఖాళీ నేల మీద చెయ్యి తిప్పేవాడు. ఆ చేతికి కనబడినవన్నీ మాకూ కనబడేవి.

2019 డిసెంబరు 17. మూడు రాజధానులు ఉండొచ్చని అసెంబ్లీలో మాట వచ్చింది. మర్నాటి నుంచి ఆవలి ఒడ్డున రైతులు శిబిరాల్లో కూర్చున్నారు. మావయ్య ఆ రాత్రి అన్నం ముందు కూర్చుని కంచంలో నీళ్ళు పోసుకుని లేచేశాడట. సచివాలయంతో పాటు విశాఖకు వెళ్ళాల్సి వస్తే మళ్ళీ ఇల్లు వెతకాలి. ఉన్న ఇల్లు కొనేవాడు లేడు. మూడు నెలల్లో కరోనా వచ్చింది. 2020 జూన్‌లో ఆయన పదవీ విరమణ చేసినప్పుడు శాలువా లేదు, సభ లేదు, ముక్కుకు గుడ్డ కట్టుకుని కాగితాల మీద సంతకం పెట్టి వచ్చేశాడు. వీధి చివర మూడు ఇళ్ళకు అమ్మకం బోర్డులు ఎండకు వెలిసిపోయి రెండేళ్ళు అలాగే వేలాడాయి.

హైదరాబాదులో బావ, తండ్రి అమ్మేసిన ఫ్లాటుకు రెండు వీధుల అవతల అద్దెకుంటున్నాడు. అక్కడి రేట్లు ఏటికేడాది పెరిగాయి. ఆ అపార్టుమెంటు పక్కనుంచే రోజూ ఆఫీసుకు వెళ్తాడు. ఎప్పుడైనా మాటా మాటా పెరిగితే "నాన్నా, ఆ ఫ్లాటు..." అని మొదలెట్టి ఆపేసేవాడు. ఆ ఆపేయడం మావయ్యకు ఎక్కువ గుచ్చుకునేది.

2024 జూన్‌లో ప్రభుత్వం మారింది, అమరావతికి మళ్ళీ ఊపిరి వచ్చింది. తుమ్మచెట్లు కొట్టే యంత్రాలు దిగాయి. బ్రోకర్ల ఫోన్లు మొదలయ్యాయి. పెట్టిన దానికి పైన నాలుగు రాళ్ళు మిగిలే బేరం ఒకటి జూలైలో వచ్చింది. అమ్మేసి హైదరాబాదు వచ్చెయ్యమన్నాడు బావ. "ఐదేళ్ళు కాచుకున్నాను, ఇప్పుడే కదరా పొద్దు పొడిచింది" అన్నాడు మావయ్య. పాత పుస్తకం తీసి దుమ్ము దులిపి, గజం రేటు గడిలో పాత అంకె కింద కొత్త అంకె వేశాడట. అత్తయ్య చెప్పింది.

ఆగస్టు 31 శనివారం రోజంతా వాన. అలాంటి వాన నా వయసులో చూడలేదు. మొగల్రాజపురంలో కొండచరియలు ఇళ్ళ మీద విరిగిపడి మనుషులు పోయారు. బుడమేరు పుట్టేది మైలవరం వైపు కొండల్లో. అక్కడి వాగులన్నీ కలిసి వెలగలేరు రెగ్యులేటరుకు చేరతాయి. పాత దారిలో అయితే ఏరు సింగ్‌నగర్ మీదుగా, రామవరప్పాడు మీదుగా కొల్లేటికి పోవాలి. ఊరు మునగకుండా దాన్ని మళ్ళింపు కాలవలోకి తిప్పి, ఇబ్రహీంపట్నం దగ్గర కృష్ణలో కలిపారు. ఆ రోజు కృష్ణే నిండుకుండలా ఉంది, లోపలికి రానివ్వలేదు. సోమవారానికి ప్రకాశం బ్యారేజీ దగ్గర 11 లక్షల 43 వేల క్యూసెక్కులు. మళ్ళింపు కాలవ గట్టుకు మూడు చోట్ల గండ్లు పడ్డాయి, రెగ్యులేటరు నుంచి కూడా నీళ్ళు దిగాయి. నీరు పల్లమెరుగు. ఏళ్ళ తరబడి ఇళ్ళు, రోడ్లు కట్టి ఇరుకు చేసిన పాత దారి దానికి గుర్తుంది. కృష్ణలంకను కొత్తగా కట్టిన గోడ కాపాడింది. ఊరు ఊరంతా కృష్ణ వైపే చూస్తూ నిలబడితే, నీళ్ళు దొడ్డిదారిన వచ్చాయి.

ఆదివారం పొద్దున అత్తయ్య ముగ్గు వేద్దామని తలుపు తీస్తే ఆ ఒక్క మెట్టు కనబడలేదు. ఎనిమిదింటికి గడప దాటాయి. బియ్యం డబ్బా మంచం మీదికి ఎత్తారు. తర్వాత మంచమే తేలింది. మావయ్య దస్తావేజుల సంచీ నెత్తిన పెట్టుకుని, అత్తయ్య చెయ్యి పట్టుకుని, నడుముల్లోతు నీళ్ళలో వీధి దాటలేక గేటు పట్టుకు నిలబడిపోయాడు. ఎదురింటి మామ్మగారి మనవలు లారీ ట్యూబు తెచ్చి ఇద్దర్నీ లాక్కెళ్ళారు. ఆ ఆరు మెట్లలో ఐదు అప్పటికే మునిగాయి. పైన ఇంకో అంతస్తుంది కాబట్టి సరిపోయింది.

ఆ రాత్రి, దీపం లేని ఆ గదిలో, మామ్మగారు చెప్పిందట. "నేను కాపురానికొచ్చేనాటికి ఇదంతా వరిచేలే నాయనా. ఏరొచ్చి పోతుందని మా మావగారు ఎత్తుగా కట్టించారు. 2005లో నాలుగో మెట్టు దాకా వచ్చింది." మావయ్య చాలాసేపటికి, "మిమ్మల్ని అడగాల్సిందండీ" అన్నాడట. "అడిగితే చెప్పేదాన్నే" అందట ఆవిడ.

మూడు రోజులు అక్కడే. ఫోన్లు చచ్చిపోయాయి. డ్రోన్లు జారవిడిచిన పులిహోర పొట్లాలు, నీళ్ళ సీసాలు ఎనిమిది మంది పంచుకున్నారు. నేను సోమవారం నుంచి సింగ్‌నగర్ ఫ్లైఓవర్ మీదే ఉన్నాను. మాలా ఎంతమందో. పడవ వచ్చినప్పుడల్లా జనం అంచుకు పరిగెత్తి మొహాలు వెతుక్కోవడం, తమవాళ్ళు కాకపోతే వెనక్కి జరిగి ఇంకొకరికి చోటివ్వడం. బుధవారం మధ్యాహ్నం వచ్చారు. మావయ్య పంచె మోకాళ్ళ దాకా మడిచి ఉంది, కుడికాలి బొటనవేలికి చీర పేలిక చుట్టి ఉంది. నీళ్ళలో ఏదో కోసుకుందట. ఆయనకు పదేళ్ళుగా షుగరు. నన్ను చూసి, "నువ్వు చెప్పావురా ఆ వేళ వంతెన మీద" అన్నాడు. అది నిష్ఠూరం కాదు, మెచ్చుకోలు. ఆ మెచ్చుకోలు నేను భరించలేకపోయాను.

తెనాలి తీసుకొచ్చాను. సెప్టెంబరు 7న వినాయక చవితి. అదే రోజు సైన్యం సాయంతో మూడో గండి పూడ్చారని టీవీలో చెప్పారు. అత్తయ్య మా ఇంట్లో పసుపు ముద్దతో గణపతిని చేసి పూజ చేసింది.

నీళ్ళు తీశాక వెళ్ళాం. ఫైరింజన్లు వీధుల్లో, ఇళ్ళల్లో బురద కడుగుతున్నాయి. ప్రతి వాకిట్లో పరుపులు, ఫ్రిజ్‌లు, పిల్లల పుస్తకాలు గుట్టలుగా. కింది అంతస్తు ఇళ్ళకు ప్రభుత్వం ఇరవై ఐదు వేలిచ్చింది. ఆ సాయం అందుకునేందుకు మావయ్య బ్యాంకు పుస్తకం నకలు మీద సంతకం పెడుతుంటే చెయ్యి వణికింది. లోపల గోడ మీద, నా భుజం ఎత్తున, గది చుట్టూ ఒక గోధుమరంగు గీత. ఎవరో స్కేలు పెట్టి గీసినట్టు తిన్నగా ఉంది.

ఆ పుస్తకం బీరువా కింద దొరికింది. ఉబ్బి, ఇటుకలా బరువెక్కి ఉంది. అత్తయ్య డాబా మీద ఆరబెట్టి ఒక్కో పేజీ విడదీసింది. సిరా అంతా కరిగి లేత నీలం మరకయ్యింది. ఏరియా పేరు లేదు, రేటు లేదు, దూరం లేదు. పెన్సిలు గీతలు మాత్రం చెక్కు చెదరలేదు. పేజీ తర్వాత పేజీ ఖాళీ గడులు. మావయ్య ఒడిలో పెట్టుకుని చాలాసేపు తిప్పాడు. తర్వాత మూసేసి, "కాఫీ పెట్టవే" అన్నాడు.

కాలి పుండు మానలేదు. నవంబరులో వేలు తీశారు, జనవరిలో పాదం. ఫిబ్రవరిలో, ఆ ఇంట్లో చేరి సరిగ్గా ఎనిమిదేళ్ళకు, మాఘమాసంలోనే పోయాడు. పోయే ముందు వారం కూడా అవుటర్ రింగ్ రోడ్డు ఎటునుంచి వస్తుందని పేపరు చదివించుకున్నాడు.

2025 మే 2న అమరావతి పనులు మళ్ళీ మొదలుపెట్టడానికి ప్రధాని వచ్చారు. ఆ సభకు వెళ్ళే బస్సులు మా వీధి చివరి నుంచే కదిలాయి. మావయ్య ఉంటే మొదటి బస్సులో మొదటి సీటు ఆయనదే.

అత్తయ్య ఇప్పుడు బావ దగ్గరుంటోంది. ఇల్లు అద్దెకిద్దామని మొన్న వేసవిలో వచ్చింది. సున్నం వేయించాడు బావ. ముందుగదిలో ఒక గోడను మాత్రం ముట్టుకోనివ్వలేదు ఆవిడ. సచివాలయంలో కొత్తగా ఉద్యోగమొచ్చిన ఒక జంట ఇల్లు చూడ్డానికి వచ్చారు. ఆ అమ్మాయికి ఐదో నెల. ఒక్కటే మెట్టు ఉందని సంబరపడింది. వంటగది చూసింది, గాలి వస్తుందా అని కిటికీ తీసి చూసింది, బస్సు ఎక్కడాగుతుందని అడిగింది. "మున్సిపల్ నీళ్ళు ఎన్నింటికి వస్తాయండీ?" అంది.

"పొద్దున ఆరింటికమ్మా" అంది అత్తయ్య. ఆ తర్వాత ఆ పిల్ల చెయ్యి పట్టుకుని ముందుగదిలోకి తీసుకెళ్ళి, సున్నం వేయని గోడ మీద, ఆ గీతకు ఆనించింది.

"ఇక్కడి దాకా వచ్చాయి" అంది.